భూగోళమును తూచిన మౌని

లండను నగరమున సోహో చౌకములో సర్ జోసెఫ్ బ్యాంక్స్ అను పండితుని గృహము ఉండెను. ఆయన రాయల్ సొసైటీ అను విఖ్యాత విజ్ఞానసంఘమునకు అధ్యక్షుడు. పదునెనిమిదవ శతాబ్ది చివరి దినములలో, ఆదివారపు సాయంకాలములందు ఆ యింట శాస్త్రజ్ఞులు సమావేశమగుచుండిరి. మేడమెట్లెక్కి వచ్చువారికి అప్పుడప్పుడు ఒక వింత దృశ్యము కనబడెడిది. వెలిసిపోయిన ఊదారంగు కోటును, పాతకాలపు మూడుమూలల టోపీని ధరించిన ఒక పెద్దమనిషి తలుపు వెలుపల నిలిచి యుండెడివాడు. లోపల దీపకాంతులు, నవ్వులు, సంభాషణలు. ఆయనకు లోనికి పోవలెననియే యున్నది. కాని అడుగు పడదు. అపరిచితుల చూపులను ఎదుర్కొనుటకు ధైర్యము చాలదు. వెనుకనుండి మరియొకరు మెట్లెక్కి వచ్చు చప్పుడు విని, వారికి ఎదురుపడుట అంతకంటె కష్టమని తోచి, తుదకు ఆయన లోపల ప్రవేశించెడివాడు.

ఆయన పేదవాడు కాడు, అనామకుడును కాడు. ఇంగ్లండులోని మిక్కిలి ధనవంతులలో ఒకడు. ఆ కాలపు శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. నీరు దేనితో ఏర్పడినదో ప్రయోగపూర్వకముగా చూపినవాడు, భూగోళపు సాంద్రతను కొలిచినవాడు అగు హెన్రీ కావెండిష్ ఆయనయే. ఇంతటివాడు ఒక గది గడప దాటుటకు ఏల జంకెను? ఈ ప్రశ్నకు ఆయన సమకాలికులు సరియైన సమాధానము చెప్పజాలకపోయిరి.

హెన్రీ కావెండిష్ 1731వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన నీస్ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు ఫ్రాన్సు దేశములో నున్నది. తండ్రి లార్డు ఛార్లెస్ కావెండిష్ డెవన్‌షైర్ ప్రభువుల వంశమువాడు. తల్లి లేడీ ఆన్ గ్రే కెంటు ప్రభువు కుమార్తె. హెన్రీకి రెండేండ్లయినను నిండకమునుపే, 1733లో, తమ్ముడు జన్మించిన కొలది మాసములకు ఆ తల్లి మరణించెను. తల్లి ఒడి ఎట్టిదో ఎరుగకయే ఆ బాలుడు పెరిగెను.

పదునొకండవ యేట ఆయనను హాక్నీలోని పాఠశాలకు పంపిరి. 1749లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన పీటర్‌హౌస్ కళాశాలలో చేరెను. 1753 వరకు అచట చదివి, పట్టము పుచ్చుకొనకయే తిరిగి వచ్చెను. అటుపిమ్మట లండనులో తండ్రియింటనే నివసించెను. తండ్రియును శాస్త్రాభిరుచి గలవాడు. ఉష్ణమాపకములను గూర్చిన కృషికై 1757లో రాయల్ సొసైటీవారి కోప్లీ పతకమును పొందినవాడు. కుమారుని స్వభావము లోకరీతికి భిన్నమైనదని ఆ తండ్రి గ్రహించియుండును. ఆయన కుమారుని రాజకీయములలోనికి గాని, ఉద్యోగములలోనికి గాని నెట్టలేదు. చేయిపట్టి ప్రయోగశాలలోనికి తీసికొనిపోయెను. రాయల్ సొసైటీ సమావేశములకు తనవెంట తీసికొనిపోయెను. 1760లో హెన్రీ ఆ సంఘమున సభ్యుడయ్యెను.

కావెండిష్ దినచర్య గడియారపు ముల్లువలె నడచెడిది. ఆయన దుస్తులు తాతలనాటి తీరువి. ఒక కోటు చినిగినచో మరల అట్టిదే కుట్టించుకొనెడివాడు. భోజనమునకు ఎల్లప్పుడును గొర్రెతొడ మాంసమే. ఒకమారు నలుగురు అతిథులు వచ్చుచున్నారని తెలిసి, ఒక తొడ ఐదుగురకు చాలదని వంటవారు విన్నవింపగా, అట్లయిన రెండు తొడలు వండుడని చెప్పెనట! మరియొక వంటకము ఉండవచ్చునన్న ఊహయే ఆయనకు కలుగలేదు. సాయంకాలము నియమితమైన వేళకు, నియమితమైన బాటను, నడివీథిలో నడచెడివాడు. ఒకనాడు ఆయన కంచె దాటుచుండగా ఇరువురు స్త్రీలు చూచిరి. నాటినుండి ఆయన ఆ బాటను విడిచిపెట్టి, చీకటి పడిన పిమ్మటనే వాహ్యాళికి వెడలసాగెను.

ఆయన మిక్కిలి మితభాషి. మాటలాడవలసి వచ్చినపుడు కంఠము సన్నముగా, తడబడుచు వెలువడెడిది. ఎదుటివారి కన్నులలోనికి చూడజాలడు. ఎవరైన తన్ను ప్రశంసించిన తత్తరపడి అచటనుండి తొలగిపోయెడివాడు. ఇంటిలోని స్త్రీజనముతో మాటలాడుట ఆయనకు సాధ్యము కాలేదు. నాటి భోజనమునకు ఏమి కావలయునో చీటిమీద వ్రాసి బల్లపై నుంచెడివాడు. ఒకనాడు మెట్లపై దాసి ఎదురుపడగా, అట్టిది మరల జరుగకుండుటకై ఇంటి వెనుక వేరుగా మెట్లు కట్టించెను. కంటబడిన దాసీలను పనినుండి తొలగించెననియు చెప్పుదురు. అదియే నిజమైనచో, ఆయన భయమునకు మూల్యమును నిరపరాధులు చెల్లించిరనక తప్పదు. మహనీయుల జీవితములలోని లోపములను దాచి చెప్పుట ధర్మము కాదు.

ఇట్టివానిని లోకము ఏమనుకొనును? గర్వియనిరి కొందరు; పిచ్చివాడనిరి కొందరు. ఆయన మరణించిన నలువదియొక్క యేండ్లకు, 1851లో, జార్జి విల్సన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆయన చరిత్రను వ్రాసెను. ప్రేమగాని, ద్వేషముగాని, ఆశగాని, భయముగాని లేని మనిషిగా, కేవలము లెక్కలు వేయు యంత్రముగా ఆయనను చిత్రించెను. అయితే అదే గ్రంథములో ఈ తీర్పునకు పొసగని కథలును కలవు. క్లాఫమ్ ప్రాంతమున ఒకనాడు వెర్రియెత్తిన ఆవు ఒక స్త్రీ వెంటబడగా, కావెండిష్ ప్రాణములకు తెగించి నడుమకు దూకి ఆమెను కాపాడెనట. కృతజ్ఞతావాక్యములకు నిలువక మౌనముగా వెడలిపోయెనట. ధర్మకార్యమునకు చందా అడుగవచ్చిన వారి పట్టికను చూచి, అందు అందరికంటె ఎక్కువ ఇచ్చినదెవరో వెదకి, అంతే మొత్తమును తానును వ్రాసి యిచ్చెడివాడు. తన గ్రంథాలయమున పనిచేసిన ఒకడు బీదతనమున నున్నాడని వినగానే పదివేల పౌనులు ఇచ్చెనని చెప్పుదురు. హృదయము లేనివాడు ఈ పనులు చేయునా? ఆయనకు హృదయము లేకపోలేదు. దానిని పదిమందికి తెలియునట్లు ప్రకటించు నేర్పు లేకపోయెను.

ఆయనను అర్థము చేసికొన్న మిత్రులు కొందరు లేకపోలేదు. రాయల్ సొసైటీ సభ్యులు వారమున కొకసారి కూడి భుజించెడివారు. కావెండిష్ ఆ విందును మానుట అరుదు. జనులనిన భయమున్నను ఆయనకు సాంగత్యము అక్కరలేక పోలేదన్నమాట. ఆయనతో మాటలాడుటకు వోలాస్టన్ అను శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయము కనుగొనెను. ఆయన వైపు చూడరాదు, ఆయనను ప్రశ్నింపరాదు, దాపున నిలిచి, శూన్యముతో చెప్పుచున్నట్లు శాస్త్రవిషయము నొకదానిని ఎత్తవలెను. విషయము విలువైనదైనచో ఆయన మెల్లగా నోరు తెరచెడివాడు. అప్పుడు వెలువడు నాలుగు మాటలు నలువది పుటల గ్రంథమునకు సాటి వచ్చెడివి. తమ పద్ధతిని కొంచెము మార్చుకొన్న మిత్రుల వలన ఆ మహామేధావి పలువురి నడుమ అర్ధశతాబ్దము పనిచేయగలిగెను.

ఆయన చిత్తరువు కథయు ఇట్టిదే. చిత్రకారుని యెదుట కూర్చుండుటకు ఆయన ఎన్నడును ఒప్పుకొనలేదు. విలియం అలెగ్జాండర్ అను చిత్రకారుడు విందునకు వచ్చి, గోడకు వ్రేలాడుచున్న ఆ కోటును టోపీని మొదట వ్రాసికొని, పిమ్మట దూరమునుండి ముఖమును రహస్యముగా గీసికొనెను. నేడు మనకు దొరకునది ఆ యొక్క చిత్రమే.

ఇక ఆయన సాధించిన ఘనకార్యములను చూతము. జింకు, ఇనుము మొదలగు లోహములపై ఆమ్లమును పోసినచో ఒక వాయువు వెలువడును, అది మండును. 1766లో కావెండిష్ ఈ వాయువును శ్రద్ధతో పరీక్షించి, ఇది గాలికంటె ఎన్నో రెట్లు తేలికయైన వేరొక వాయువని నిరూపించెను. తరువాత దానికి హైడ్రోజను అను పేరు వచ్చినది. ఆ యేడే ఆయనకు కోప్లీ పతకము లభించెను. 1784లో ప్రకటించిన ప్రయోగములలో, రెండు పాళ్ల హైడ్రోజనును ఒక పాలు ఆక్సిజనును కలిపి విద్యుత్కణముచే మండించిన స్వచ్ఛమైన నీరు ఏర్పడునని చూపెను. నీరు ఒక మూలపదార్థమని వేలయేండ్లుగా జనులకున్న నమ్మకము దీనితో సడలిపోయెను.

1785లో ఆయన గాలిని మరింత సూక్ష్మముగా పరీక్షించెను. గాలిలోని నత్రజనిని ఆక్సిజనుతో కలిపి, విద్యుత్కణములను ఎడతెగక ప్రసరింపజేసి, పుట్టిన పదార్థమును క్షారద్రవముచే పీల్పించెను. అంతయు పోగా ఒక చిన్న బుడగ మిగిలెను. అది నత్రజనిలో నూట యిరువదవ వంతుకు మించలేదు. మరియొకడైనచో అది చేతిపొరపాటని త్రోసివేసెడివాడు. కావెండిష్ దానిని ఉన్నది ఉన్నట్లు వ్రాసిపెట్టెను. నూటతొమ్మిదేండ్లు గడచిన పిమ్మట, 1894లో, రేలీ, రామ్సే అను శాస్త్రజ్ఞులు ఆ బుడగలోని రహస్యమును విప్పిరి. అది సామాన్యముగా దేనితోను కలియని ఆర్గాన్ అను వాయువు!

ఆయన ప్రయోగములన్నిటిలో మకుటాయమానమైనది భూమిని తూచుట. జాన్ మిచెల్ అను మతాచార్యుడు ఇందుకొక యంత్రమును కల్పించి, దానిని ఉపయోగింపకమునుపే 1793లో మరణించెను. ఆ పరికరములు చేతులు మారి కావెండిష్‌ను చేరెను. ఆయన వానిని చాలవరకు మరల నిర్మించి క్లాఫమ్‌లోని తన యింట నెలకొల్పెను. ఆరడుగుల కొయ్యదండమును సన్నని తీగచే వ్రేలాడదీసి, దాని రెండు కొనలకు రెండు చిన్న సీసపుగుండ్లను కట్టెను. వానికి దాపున ఒక్కొక్కటి సుమారు 158 కిలోగ్రాముల బరువుగల రెండు పెద్ద సీసపుగుండ్లను అమర్చెను. ప్రతి వస్తువును మరియొక వస్తువును ఆకర్షించునని న్యూటన్ చెప్పియుండెను గదా! పెద్దగుండ్లు చిన్నగుండ్లను ఆకర్షింపగా తీగ రవంత మెలిపడును. ఆ మెలికను కొలిచినచో, సీసపుగుండు ఆకర్షణను భూమి ఆకర్షణతో పోల్చి భూమి సాంద్రతను లెక్కింపవచ్చును.

చెప్పుటకు సులభమే. కాని ఆ ఆకర్షణబలము చిన్నగుండు బరువులో ఐదుకోట్లవ వంతును మించదు. మనిషి దేహపు వేడిమిచే గాలి కదలినను లెక్క తప్పును. అందుచే కావెండిష్ యంత్రమును ఒక గదిలో నుంచి తలుపులు మూసివేసెను. పెద్దగుండ్లను వెలుపలినుండియే కప్పీలచే త్రిప్పుచు, గోడలోని రంధ్రములగుండ దూరదర్శినితో ఆ స్వల్పచలనమును గమనించెను. అప్పటికి ఆయనకు అరువదియారేండ్లు. 1797, 1798 సంవత్సరములలో మాసముల తరబడి ఈ పరిశీలన సాగెను. ఒక్కొక్క కొలతను మరల మరల సరిచూచుచు, ఏయే కారణములచే తప్పు దొర్లవచ్చునో ఒక్కొక్కటిగా వెదకి తొలగించుచు, ఆయన ఒంటరిగా శ్రమించెను. తుదకు భూమి సాంద్రత నీటి సాంద్రతకు 5.48 రెట్లని ప్రకటించెను. నేటి శాస్త్రజ్ఞుల లెక్క 5.51. రెండు శతాబ్దములకు పూర్వము కొయ్యతోను సీసముతోను సాధించిన ఈ ఫలితము ఎంత నిక్కమైనదో చూడుడు! భూమిపైనున్న రాళ్ల సాంద్రత ఇందులో ఇంచుమించు సగమే కనుక, భూగర్భమున మిక్కిలి బరువైన పదార్థము కలదనియు దీనివలన తేలినది.

విశేషమేమనగా, ఏ స్వభావమును చూచి జనులు నవ్విరో ఆ స్వభావమే ఈ కార్యమునకు తోడ్పడెను. ఒకే పనిని విసుగులేక వేయిమారులు చేయుట, స్వల్పభేదమును కనిపెట్టుట, ఏకాంతమును కోరుట, కొలతలో రాజీపడకుండుట ఆయనకు సహజములు.

కావెండిష్ 1810వ సంవత్సరము ఫిబ్రవరి 24వ తేదీన మరణించెను. ఆయన విడిచిపోయిన ధనము పదిలక్షల పౌనులకు మించినది. ధనముకంటె విలువైన వ్రాతప్రతులు పెట్టెలలో నిలిచిపోయెను. అందు విద్యుత్తును గూర్చి కూలంబు, ఓమ్ అను వారు తరువాత కనుగొన్న నియమములను ఆయన ముందే గ్రహించిన జాడలు కలవు. విద్యుత్ప్రవాహపు బలమును ఆయన తన దేహమునకు తగిలిన తాకిడిచేత అంచనా వేసెడివాడు. జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఆ ప్రతులను పరిష్కరించి 1879లో ప్రచురించెను. 1874లో కేంబ్రిడ్జిలో వెలసిన ప్రయోగశాల కావెండిష్ పేరనే ప్రసిద్ధి కెక్కినది. ఎలక్ట్రాను ఉనికి 1897లో బయటపడినది అచటనే.

బాలబాలికలారా! కావెండిష్ జంకునకు కారణమేమి అన్న ప్రశ్న ఇంకను మిగిలియున్నది. 1943లో అమెరికా దేశపు బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి ఒక వ్యాసము వ్రాసెను. ఆ పిల్లలు ఇతరులతో కలియలేకపోయిరి. నిత్యమును అన్నియు ఒకే తీరున జరుగవలెనని పట్టుపట్టిరి. వారి స్థితికి ఆటిజమను పేరు వాడుకలోనికి వచ్చినది. తాను అను నర్థముగల గ్రీకుపదమునుండి ఆ మాట పుట్టినది. ఆలివర్ శాక్స్ అను నాడీవైద్యుడు 2001లో కావెండిష్ చరిత్రను పరిశీలించి, ఆయనయందు ఈ లక్షణములు స్పష్టముగా కనబడుచున్నవని వ్రాసెను. చనిపోయినవానిని వైద్యుడు పరీక్షింపజాలడు. కనుక దీనిని నిశ్చయమనరాదు. అయినను ఇది ఆయనను గర్వియనుటకంటె, యంత్రమనుటకంటె న్యాయమైన మాట.

ఆటిజము అంటువ్యాధి కాదు, పిచ్చియును కాదు. అది పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో నుండు భేదము. దాని గురుతులు చాలవరకు శైశవముననే కనబడును. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకుండుట, ఎదుటివారి కన్నులలోనికి చూడకుండుట, కావలసినదానిని వ్రేలితో చూపకుండుట, మాటలు ఆలస్యముగా వచ్చుట, విన్నమాటనే మరల మరల పలుకుట, బొమ్మలతో ఆడుటకు మారుగా వానిని వరుసగా పేర్చుట, చేతులు ఊపుట, నిత్యక్రమము మారిన తల్లడిల్లుట, పెద్ద చప్పుడును గాని గరుకు బట్టను గాని సహింపలేకపోవుట, ఏదో ఒక విషయమునందే మగ్నులగుట మొదలైనవి అట్టి గురుతులు. ఇందేదో యొకటి కనబడినంతమాత్రమున ఆటిజమని తలపరాదు. ఇవన్నియు అందరియందును ఉండవు. వీనిని కలిపి చూచి నిర్ణయింపవలసినవాడు వైద్యుడే. ఎంత త్వరగా గుర్తించి తోడ్పడిన అంత మేలు.

ఒకప్పుడు తల్లి ప్రేమ చాలకపోవుటచే ఇది కలుగునని చెప్పి, ఎందరో తల్లులను దుఃఖపెట్టిరి. అది తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు వాదించెను. ఆయన కుమారునికే ఆటిజము ఉండెను. 1977లో ఇంగ్లండున కవలపిల్లలను పరిశీలించినవారు దీనికి వంశానుగతమైన కారణములు ప్రధానములని చూపిరి. టీకాలవలన ఇది కలుగదనియు పరిశోధనలు తేల్చినవి. ఆటిజము గలవారందరును కావెండిష్ వంటి మేధావులు కారు. కొందరికి మాటయే రాదు. కొందరికి జీవితమంతయు ఒకరి తోడు కావలెను. ఆదరము మేధావులకు మాత్రమే దక్కవలసిన బహుమానము కాదు. అది ఎల్లరకును చెందవలసినది. మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము వీరి హక్కులను గుర్తించినది. చదువు అందులో ఒకటి.

మీ తరగతిలోను ఒక బాలుడు కన్నెత్తి చూడక, ఆటలకు రాక, ఒక మూల కూర్చుండి యుండవచ్చును. అతనిని గర్వియని నిందింపకుడు, మూగమొద్దని గేలిసేయకుడు. అతడును కావెండిష్ వలె తలుపు వెలుపల నిలిచి, లోనికి వచ్చు దారి తెలియక తపించుచుండునేమో! వోలాస్టన్ చేసినట్లు మెల్లగా చేరువకు పోయి, అతనికి ఇష్టమైన విషయమును ఎత్తి, బదులుకై తొందరపెట్టక వేచియుండుడు. ఆ వేచియుండుట కొంచెము కష్టమే. కాని భూగోళమును తూచుటంతటి కష్టము కాదు.